ముందు రెండు, వెనక రెండు

జులై 7, సోమవారం. ఉదయం 5:15
తెల్లవారుజాము నుంచి జల్లు. నా భార్య షారోన్‌ను ఆరింటికి ఆసుపత్రిలో దింపాలి. ఆమెది నర్సు డ్యూటీ, ఆలస్యం కుదరదు. ఆ తర్వాత స్కూలు, తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు.
నిన్న హూడి మలుపులో బ్రేకు వేస్తే కారు రెండడుగులు ముందుకెళ్లి ఆగింది. టైర్లు నున్నగా అరిగిపోయాయి. షారోన్ కేకలు వేయలేదు, సీటు అంచు పట్టుకుంది. అది చాలు.
నిర్ణయం: శనివారం లోపల నాలుగు టైర్లూ మంచి కంపెనీవి. చవకవి వద్దు. ఎవరినీ సలహా అడగను.

జులై 8, మంగళవారం
జోసెఫ్‌ను అడిగాను. సలహా కాదు, సమాచారం. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, పుట్టి పెరిగింది ఇక్కడే.
"మన ట్రాఫిక్‌లో బండి ఇరవై దాటితే కదప్పా. ఇరవైకి అంత టైరు ఎందుకు?"
వైట్‌ఫీల్డ్ రోడ్డు మీద వేగం కొలిచి చూశాను. పద్దెనిమిది. మనిషి తెలిసే మాట్లాడాడు.

జులై 10, గురువారం. సాయంత్రం
టైర్ల షాపుకు వెళ్లాను. చూడడానికే. షాపు దేవరాజ్‌ది. మంచివీ చవకవీ పక్కపక్కన పెట్టాడు. నాకు రెండూ నల్లగానే కనిపించాయి. తేడా ఏమిటన్నాను.
"ఎండలో ఏదైనా నడుస్తాది సార్. వానలో బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తాది."
వీడియోలు పదకొండు చూశాను. ఆరు ఇటు, ఐదు అటు.

జులై 12, శనివారం
కొన్నాను. రెండు మంచివి, రెండు చవకవి. సగటున మధ్యరకం. లెక్క ప్రకారం తప్పు లేదు.
మంచివి వెనక వేయమన్నాడు దేవరాజ్. "వెనక జారితే బండి మీ మాట వినదు సార్."
ముందు చక్రాలకే వేయించాను. కారణం ఉంది. రేపు ఆరాధన అయ్యాక పాస్టరుగారు కారుకు ప్రార్థన చేస్తారు. మాలో కొత్త వస్తువేది కొన్నా అంతే. అందరూ బానెట్ ముందే నిలబడతారు.
షారోన్ ఫోన్ చేసి నాలుగూ మంచివేనా అని అడిగింది. మంచివే అన్నాను. కొత్తవి మంచివే కదా.

జులై 13, ఆదివారం
ప్రార్థన జరిగింది. సంఘ పెద్ద ఫిలిప్‌గారు ముందు టైరును చెప్పుకాలితో తట్టి, ఇంటావిడ క్షేమం చూసుకునే మనిషి అని నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. షారోన్ నవ్వింది. కారు వెనక్కి ఎవరూ వెళ్లలేదు.

జులై 15, మంగళవారం. ఉదయం 7:30
పెద్ద వాన. 5:50కి హూడి మలుపు. కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశాను. ముందు చక్రాలు పట్టుకున్నాయి. వెనక భాగం పక్కకు జారి, కారు రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది. పాల వ్యాను జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కుక్కకూ ఏమీ కాలేదు.
షారోన్ గొడుగు వేసుకుని దిగింది. కారు చుట్టూ తిరిగి, వెనక టైరు దగ్గర వంగి కంపెనీ పేరు చదివింది. ముందుకొచ్చి ముందు టైరు పేరూ చదివింది.
"ముందువేమో ప్రార్థనకి. వెనకవి నాకా?"
సగటు గురించి చెప్పబోయాను. అప్పటికే ఆటో ఎక్కింది.

జులై 16, బుధవారం. ఉదయం 5:40
తుంపర. పేపర్లు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.
కొత్త నిర్ణయం: శనివారం లోపల ఇంకో రెండు మంచివి. ఎవరినీ అడగను. రాత్రి జోసెఫ్ తనే ఫోన్ చేశాడు. ముందువి తీసి వెనక్కి వేయించుకుంటే చాలదా అన్నాడు. ఆలోచించాల్సిన మాటే.
5:20కి కారు గేటు బయటికి తీసి నిలబెట్టాను. షారోన్‌తో పనిచేసే జరీనా స్కూటర్ మీద వచ్చింది. షారోన్ కారు పక్కనుంచే నడిచి వెళ్లి స్కూటర్ వెనక సీటు ఎక్కింది. ఇద్దరూ 5:25కి వెళ్లిపోయారు.