గ్యాస్ ట్రబుల్ అని రాసిన

జూలై 14, సోమవారం
మా ఛత్రినాక బస్తీ దవాఖానకు ఇయ్యాల ఎనభై రెండు మంది వచ్చిర్రు. డాక్టర్ మేడమ్ తల ఎత్తలే. నర్సుగ నేను రాసిన చీటీల మీద సంతకాలు పెట్టుకుంట పోయింది.

మా గల్లీ రవీందరన్న వచ్చిండు. సిటీ బస్సు డ్రైవర్. రెండు నెలల సంది నిద్ర లేదంట, తిండి సయిస్తలేదంట. డిప్రెషన్ ఫారం తీసి తొమ్మిది ప్రశ్నలు అడిగిన. ఎనిమిదింటికి గోడ దిక్కు చూసుకుంట జవాబు చెప్పిండు. ఆఖరుది చావు గురించి. ఇంట్ల ఉంటే ఏమనిపియ్యదంట. బస్సు ఫ్లైఓవర్ ఎక్కినంక, స్టీరింగ్ తిప్పకుంటే అయిపోతది గదా అనిపిస్తదంట.

కలం పక్కకు పెట్టిన. పెద్ద దవాఖానల సైకాలజిస్ట్ ఉన్నడు, రాసిస్త అన్న. షారోనమ్మా అనుకుంట నా చేతులు పట్టుకున్నడు. ఆ మాట రాస్తే డిపోల పిచ్చోడంటరు, స్టీరింగ్ గుంజుకుంటరు, పెండ్లాం నీలమ్మకు మొకం ఎట్ల చూపియ్యాలె అన్నడు. వేరే ఏదన్న రాయమన్నడు. పెద్ద దవాఖానల డాక్టర్‌కు తనే చెప్తనని ఒట్టేసిండు.

గ్యాస్ ట్రబుల్ అని రాసిన. మేడమ్ సంతకం పెట్టింది.

జూలై 16
పెద్ద దవాఖానల రవీందరన్నకు గ్యాస్ గోలీలు ఇచ్చి పంపిర్రంట. అసలు సంగతి చెప్పినవా అన్నా అంటే, వెనక మస్తు లైను ఉండె అన్నడు. రేపు డ్యూటీ ఎక్కుతడంట. నా మీద నాకే ఒళ్లు మండింది.

జూలై 17, పొద్దున 5:40
ఫస్ట్ ట్రిప్పు ఆరింటికి.

మధ్యాహ్నం 1:15
రోడ్డు మీద హారన్ వినపడితే గుమ్మంలకు ఉరుకుతున్న. బీపీ చూస్తుంటే, పట్టీ విప్పుడు మర్చిపోయినవు బిడ్డా అన్నది ఒక ముసలవ్వ.

జూలై 18, శుక్రవారం
మేడమ్‌కు చెప్పేసిన. మస్తు తిట్టింది. నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతయన్నది. చీటీ మళ్ల తనే రాసింది, అసలు మాటతోటి, అర్జంట్ అని.

జహనుమా స్టాపుల నిలబడి ఆయన బస్సు ఆపిన. నిండ జనం. దిగమన్న. ట్రిప్పు కొట్టొస్త, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నడు. నేను ఫుట్‌బోర్డు మీదికెల్లి కదల్లే. కండక్టర్ స్వీటీ వచ్చి గీ లొల్లి ఏందని అడిగింది. అందరి ముంగట చెప్పిన. డిప్రెషన్ ఉన్నది, బండి నడపొద్దు అన్న. వెనకకెల్లి ఎవడో ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన కేసా అన్నడు. ఎవడో నవ్విండు.

ఇంజన్ బంద్ చేసి దిగిండు. ఆటోల పెద్ద దవాఖానకు తీస్కపోయిన. సైకాలజిస్ట్ దగ్గర గంట సేపు ఉన్నడు. నేను బయట బల్ల మీద కూసోని ఏడ్చిన. ఆయన పానం మీద భయంతోటి చేసిన గని, ఆ మనిషి ఇజ్జత్ నేనే తీసిన.

జూలై 30
నీలమ్మ ఒక్కతే వచ్చింది. వారం వారం దవాఖానకు పోతున్నడంట. రాత్రి నాలుగు గంటలు పండుతున్నడంట. డిపోల కుర్చీ పని ఇచ్చిర్రంట. నా పేరు ఎత్తితే లేసి బయటికి పోతున్నడంట.

ఆగస్టు 6
రవీందరన్న ఎదురొచ్చిండు. నన్ను చూసి రోడ్డుకు ఆ దిక్కు పోయిండు. బండ్లొస్తున్నయేమోనని రెండు దిక్కుల చూసుకోని దాటిండు.