మౌస్ చక్రం నొక్కితే పడిన వాక్యం

మదనపల్లె,
శుక్రవారం.

చిరంజీవి చేతన్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ నాన్న బాగానే ఉన్నాం. కుప్పంలో నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. ఫోన్ చేయకుండా కాగితం ఎందుకు పట్టుకున్నానంటే, ఫోన్లో నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను చెప్పాల్సింది మరిచిపోతాను. ఈసారి నిన్ను తీరిగ్గా తిట్టాలని కూర్చున్నాను.

కొత్త మౌస్, దానితో పాటు నువ్వు పెట్టిన చీటీ పోయిన వారం బుధవారం బస్సు పార్సిల్లో అందాయి. టైపు చేసిన దస్తావేజుల్లో వాక్యాలు ఎక్కడివో వచ్చి ఇంకెక్కడో పడుతున్నాయని నేను మొత్తుకుంటే, చేయి తగిలి ఉంటుందని రాశావు. చివర్లో మాత్రం ఒక ముక్క: చక్రం తిప్పేటప్పుడు గట్టిగా నొక్కితే, అంతకుముందు మౌస్‌తో ఎంచుకున్న వాక్యం అక్కడ పడుతుందట. ఈ సిస్టం పద్ధతే అదట. చెప్పడం మరిచిపోయావట. పోయిన నెల వచ్చి పాత సిస్టం తీసేసి, దీనికి వైరస్ రాదని గొప్పగా ఈ కొత్తది ఎక్కించి, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయావు. ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. పార్టీలకు చదివి వినిపించేటప్పుడు చూపు తప్పకుండా ప్రతి వాక్యాన్నీ మౌస్‌తో నీలం చేసుకుంటూ పోతానని నీకు తెలియదా? నా పక్కన కూర్చుని చూసినవాడివే కదా.

సెట్టింగుల్లో చూడమన్నావు. టైపు చేసే ఎడిటర్లో ఉన్న ప్రతి మెనూ తెరిచాను, కనబడలేదు. కంప్యూటర్లు బాగుచేసే సాయికుమార్ వచ్చి, అది ఎడిటర్లో కాదు సిస్టంలో ఉందని రెండు నిమిషాల్లో ఆపేసి పోయాడు. ఆ రెండు నిమిషాలే నీకు లేకపోయాయి.

రాణి ఎలా ఉందని అడిగావు. టైపు చేయడానికి ఇప్పుడు రాణి లేదు. నీ చీటీ రాకముందే నేనే పంపేశాను. నీకు చెప్పలేదు.

పుంగనూరు దారిలో పొలం ఉన్న అన్నదమ్ములు మల్లప్ప, గంగులప్ప భాగాలు రాయించుకోవడానికి వచ్చారు. బోరుబావి అన్నయిన మల్లప్పకే రావాలి. రాణి టైపు చేసింది, నేను చదివాను. అంతా అయ్యాక మల్లప్ప బోరు సంగతి ఇంకోసారి వినిపించమన్నాడు. పైకి వెళ్లి, "బోరుబావి పూర్తిగా ఈ భాగస్థునికే చెందును" అన్న వాక్యాన్ని నీలం చేసి చదివి, చక్రం తిప్పుకుంటూ కిందికి వచ్చి ప్రింటు ఇచ్చాను. రిజిస్ట్రారు ఆఫీసు ముందు సంతకానికి కూర్చుంటే, అదే వాక్యం గంగులప్ప భాగంలోనూ ఉంది. రాణిది కురబలకోట. గంగులప్ప భార్యదీ ఆ ఊరే. ఇంకేం కావాలి?

"మీ ఊరి ఆడబిడ్డ అని నా నీళ్లు రాసిచ్చేసినావా?" అని మల్లప్ప అందరి ముందూ రాణి మీద అరిచాడు.

రాణి నా వైపు చూసింది. రేపటి నుంచి రావద్దని చెప్పాను.

ఇంతవరకూ నీ మీద కోపం. ఇక నా మీద. నీ చీటీ చదివిన రోజే ఆ దస్తావేజు తెరిచి, అదే వాక్యాన్ని నీలం చేసి, చక్రం నొక్కి చూశాను. పడింది. తప్పు నా వేలిదని అప్పుడే తెలిసింది. అయినా ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను. మల్లప్ప ముందు, ఆఫీసు దగ్గర కూర్చునే మిగతా లేఖరుల ముందు పరువు పోతుందని భయపడ్డాను. ఇద్దరు పిల్లల తల్లి రాణి పరువు పోయినా పర్వాలేదనుకున్నాను. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

నిన్న కురబలకోట వెళ్లాను. రాణి టమోటా కోతకు వెళ్లి అప్పుడే వచ్చింది. ఉన్నదంతా చెప్పి క్షమించమన్నాను, మళ్లీ పనికి రమ్మన్నాను. మంచినీళ్లిచ్చింది.

"ఈడ చెప్తే నాకేం లాభం అమ్మా? ఊర్లో అందరూ నన్ను దొంగను సూసినట్టు సూస్తాండారు. ఆ పొద్దు యాడ నిలబెట్టి అన్నారో ఆడనే, ఆ మల్లప్ప ముందరనే చెప్పు" అంది.

సోమవారం పదిన్నరకు అన్నదమ్ములు సరిచేసిన దస్తావేజుకు సంతకాలు పెట్టడానికి వస్తారు. రాణిని రమ్మన్నాను. నా వేలు చేసింది నేను చెబుతాను. నువ్వు చెప్పకుండా వదిలేసింది నువ్వే వచ్చి నా పక్కన నిలబడి చెప్పాలి. ఈ ఉత్తరం రేపు పొద్దున కుప్పం బస్సు కండక్టరు చేతికిస్తాను, కాబట్టి అందలేదనకు. కాలేజీలో సెలవు లేదని ఫోన్ చేయకు, ఎత్తను. నువ్వు రాకపోతే, పిలిచినా నా కొడుకు రాలేదని కూడా రాణికి అక్కడే, అందరి ముందే చెబుతాను.

ఇట్లు,
కోపంతోనే దీవిస్తున్న
నీ అమ్మ పద్మావతి