ఫొటోలోంచి తీసేసిన మనిషి

మార్చి 11, మంగళవారం
స్టూడియో నుంచి

పూజ్యుడైన అన్నయ్యకి చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను.

ఏడాది తర్వాత ఉత్తరం రాస్తూ ముందే పని చెబుతున్నానని నొచ్చుకోకు. నువ్వు పట్టుకెళ్లిన పెట్టెల్లో మందులషాపాయన మనవరాలి మూడో నెల ఫొటోలుంటాయి, పాప తల్లి ఒళ్లో ఉన్నవి. ఆ నెగెటివ్‌లు వెంటనే పంపించు.

రీళ్లు పట్టుకుని కూర్చుంటే స్టూడియో మూతపడుతుందని నేనూ, కంప్యూటర్లో దిద్దింది ఫొటోయే కాదని నువ్వూ ఎంత పోట్లాడుకున్నామో. డిజిటల్‌తో పని తేలికైన మాట నిజం. తీసిన నిమిషంలోనే చూపిస్తాను, నచ్చకపోతే చెరిపేస్తాను. ఇప్పుడు జనం ఫొటో తీయించుకోవడానికి కాదు, ఫొటోలోంచి మనుషుల్ని తీయించెయ్యడానికి వస్తున్నారు.

పోయిన నెల మందులషాపాయన వచ్చి, ఇంట్లోవాళ్లందరి ఫొటోలోంచి పెద్దకోడల్ని తీసేయమన్నాడు. కొడుకుతో కుదరక విడిగా ఉంటోందట. గోడమీద పెట్టుకునేది కదమ్మా, వచ్చినవాళ్లు అడుగుతారు, అన్నాడు. పది నిమిషాల పని. ఆవిడ ఉన్నచోట వెనకున్న కర్టెన్ పరిచాను. తల్లి భుజం పట్టుకున్న ఏడేళ్ల పాప చెయ్యి గాల్లో మిగిలిపోతే, దాన్నీ కిందికి దించాను. పాత ఫైలు మీదే సేవ్ చేశాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. బడి గేటు దగ్గర పాప తనని చూసి, ఎవరండీ మీరు, అని అడిగిందట. ఇంట్లో నేర్పించి పంపారనుకుందట. కానీ సాయంత్రం ఇల్లు అద్దెకిచ్చినావిడా అదే మాట అడిగిందట. కోర్టు కాగితాలకి ఫొటో కావాలంది. కూర్చోబెట్టి తీశాను. తెరమీద స్టూలుంది, వెనక నీలం గుడ్డ ఉంది. ఆవిడ లేదు. కెమెరా మార్చి తీశాను. అప్పుడూ లేదు. నా భుజం మీంచి ఆవిడా తొంగి చూసింది.

నాన్న కెమెరాలో మిగిలిన రీలుతో తీసి, చీకటిగదిలో కడిగాను. ఫిల్ము మీద ఆవిడ పడింది, కళ్లకింద నలుపుతో సహా. ఆ ప్రింటు చూసి పాప, ఎవరో బాగా ఏడ్చినట్టున్నారు, అందట. తనని ఎత్తుకున్న చేతులు కనిపిస్తేనైనా గుర్తుపడుతుందేమోనని నా ఆశ. అందుకే ఆ పాత నెగెటివ్‌లు అడుగుతున్నాను.

అప్పట్నుంచి ఎవర్నీ తీసెయ్యడం లేదు. అక్కడ నిన్ను పలకరించేవాళ్లు ఉన్నారా, రాయి.

నీ చెల్లెలు

తా.క.: ఇది దాచి ఉత్తరం పోస్టు చెయ్యలేను. నాకు నువ్వెవరో తెలియదు. నిన్న బీరువాలో విప్పని ఉత్తరం ఒకటి దొరికింది. ఎవరిదో పొరపాటున వచ్చిందనుకుని ఎప్పుడో పడేసినట్టున్నాను. మన గొడవా, పెట్టెలూ, ఈ చిరునామా అన్నీ అందులో చదివి తెలుసుకున్నవే. లోపల మా ఇంటి ఫొటో నెగెటివ్ పెట్టావు. కౌంటరు వెనక వేలాడేదాంట్లో ముగ్గురం. ఇందులో నలుగురున్నారు. వేలాడేదాన్ని దిద్దిన పనితనం నాదే, పోల్చుకోగలను. ప్రింటు వేసి అమ్మకిచ్చాను. నీ ముఖం మీద వేలు పెట్టి, ఎవరి పిల్లాడే ఇతను, వేళకి తింటున్నాడో లేదో, అంది.