అరవై ఆరేళ్ళ కందిపొడి

స్లౌ, 2 మే 2011

పూజ్యుడైన అన్నయ్యకు చెల్లెలు నిర్మల నమస్కరించి రాసేది.

ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడి నువ్వే పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం. నాకు అరవై నాలుగుకి సర్కారు ఇవ్వవలసిన స్టేట్ పెన్షన్ని అరవై ఆరుకి జరపాలని పార్లమెంటులో బిల్లు పెట్టారు. స్కూల్ కిచెన్‌లో పొద్దున్న ఎనిమిదికి నిలబడితే సాయంత్రానికి మోకాళ్ళు నా మాట వినడం లేదు. ఇంకో రెండేళ్ళంటే నా వల్ల కాదు. మా ఆడవాళ్ళం ఎంపీలకి ఉత్తరాలు రాయిస్తున్నాం. నీలాంటి ఎముకల డాక్టరు మాటకి విలువుంటుంది. మీ ఎంపీకి ఒక ముక్క రాయి.

ఇట్లు,
నిర్మల

తా.క. కందిపొడి, గోంగూర పచ్చడి పంపాను. మూత ఊడితే కిందటిసారిలా నన్ననకు.

ఎడిన్‌బర్గ్, 11 మే

చి.ల.సౌ. నిర్మలను ఆశీర్వదించి అన్నయ్య రాసేది.

పార్సిల్ అందింది. ఏడాదిగా నీ చేతికి రుచి మరీ పెరిగిందమ్మా. బాబూరావు బావగారు అదృష్టవంతులు, సోఫా దిగకుండా రోజులు వెళ్ళదీస్తున్నారు.

ఇక బిల్లు. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, దేశం ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? ఎంపీకి ఆరు పేజీలు రాశాను, బిల్లు మంచిదేనని. సాక్ష్యం నువ్వే. యాభై ఏడేళ్ళ మా చెల్లెలు మూడువందల మంది పిల్లలకి వండి, ఇంటికొచ్చి పొడులు కూడా కొడుతుందని రాశాను.

ఆశీస్సులతో,
వెంకటసుబ్బారావు

తా.క. పని చేస్తేనే ఆరోగ్యం. నేను అరవైకే రిటైరై నాలుగు కిలోలు పెరిగాను.

స్లౌ, 6 జూన్

డాక్టర్ వెంకటసుబ్బారావు గారికి,

మీ ఆరు పేజీల సంగతి తెలిసింది. అరవైకే ఇంట్లో కూర్చున్నవారు నన్ను అరవై ఆరు దాకా నిలబెట్టారు. సంతోషం. నేటి నుంచి ఈ ఇంట్లో పొడులు కొట్టడం బంద్. తర్వాతి పార్సిల్ 2020 మార్చిలో, నాకు అరవై ఆరు నిండాక.

ఇట్లు,
నిర్మలాదేవి

తా.క. ఖాళీ సీసాలు కడిగి పంపండి.

ఎడిన్‌బర్గ్, 3 జులై

నిర్మలకు అన్నయ్య రాసేది.

ఇది నీ బుద్ధి కాదు, బావగారు నూరిపోసింది. ఆయనకి విడిగా ఘాటుగా రాశాను, సోఫా దిగి ఒక్కరోజు నీకు సాయం చెయ్యమని. అయినా నిలబడి వండటం అంత బ్రహ్మవిద్యా? వినాయక చవితికి ఇక్కడ మనవాళ్ళు ఎనభై మందికి వంట నాదేనని ఒప్పుకున్నాను. చూస్తూ ఉండు.

ఇట్లు,
అన్నయ్య

తా.క. ఉండ్రాళ్ళకి నూక ఎంత, నీళ్ళెన్ని?

ఎడిన్‌బర్గ్, 6 సెప్టెంబర్

అమ్మా నిర్మలా, అన్నయ్య మంచం మీద నుంచి రాసేది.

నువ్వు జవాబివ్వలేదు. అయినా చవితి వంటకి శనివారం పొద్దున్న ఏడింటికే నించున్నాను. పదకొండుకి కుర్చీ అడిగాను. పన్నెండుకి ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను. మిగతా భోజనం పండక్కొచ్చిన స్టూడెంట్లు టేకవే హోటల్ నుంచి తెచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి మోకాళ్ళూ చూసి, చెల్లెలి మోకాళ్ళు చూడలేదు. సిగ్గుగా ఉంది.

ఎంపీకి మళ్ళీ రాశాను. ఈసారి ఒక్క పేజీ. 'ముందటి ఆరు పేజీలు వెనక్కి తీసుకుంటున్నాను. మా చెల్లెలు తొమ్మిదేళ్ళు నిలబడాలన్న నేను ఒక్క పూట నిలబడలేకపోయాను.'

ఆశీస్సులతో,
అన్నయ్య

తా.క. ఇది కందిపొడి కోసం రాయలేదు. కానీ సీసా ఖాళీ.

స్లౌ, 16 అక్టోబర్

అన్నయ్యకు నిర్మల తలెత్తుకుని రాసేది.

గెలిచాం. మొన్న ప్రభుత్వం దిగొచ్చింది. రెండేళ్ళు ఆగమన్నవాళ్ళు ఏడాదిన్నర చాలన్నారు. ఆరునెలలేగా అనకు, నిలబడేవాళ్ళనడుగు. కిచెన్‌లో అందరం గరిటెలతో ట్రేలు మోగించాం. హెడ్ టీచర్ ఫైర్ అలారమనుకుని పిల్లల్ని గ్రౌండ్‌లోకి పంపేశారు. నీ ఒక్క పేజీ మావాళ్ళకి చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

పార్సిల్ పంపాను. ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. ఏడాదిగా రుచి పెరిగిన ఆ చెయ్యి నాది కాదు, మీ బావగారిది. ఆయనకి పెన్షన్ వచ్చిన రోజు నుంచి పొడులూ పచ్చళ్ళూ ఆయనవే. ఆ సోఫాలో కూర్చునే కందిపప్పు గింజ గింజా ఏరతారు. నీ ఆరు పేజీల కబురు విని మిక్సీ ప్లగ్గు పీకింది కూడా ఆయనే. తీరికున్న చేతికి అంత రుచి వస్తుందని పార్లమెంటులో ఒక్కరూ చెప్పలేదు.

ఇట్లు,
ఏడాదిన్నర మాత్రమే ఆగబోయే నీ చెల్లెలు,
నిర్మల

తా.క. సీసా మీద లేబుల్ ఆయన రాసిందే, 'సోఫా బ్రాండ్' అని. క్షమాపణ నేరుగా ఆయనకే రాయి. ఆరు పేజీలకి తగ్గితే ఒప్పుకోరట.