తేలే చొక్కా, తేలిక చొక్కా

రేవు భద్రతాధికారి గారి సముఖమునకు,
రేవు వెనక మూడో వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న, పడవ సరంగు అక్కగారు రాసుకున్నది.

అయ్యా,

విషయం: ఆపద పెట్టె జాబితాలో రెండో వస్తువు పేరులో ఒక్క మాట దిద్దించుట గురించి.

ఆ మంగళవారం మామూలుగానే తెల్లవారింది. నేను ప్రార్థన ముగించి లేచేసరికి చెల్లెలు టీ పెట్టింది. పెద్ద తమ్ముడు, అంటే మా పడవ సరంగు, గుమ్మంలో కూర్చుని తెగిన చెప్పుకు మేకు కొట్టుకుంటున్నాడు. ఇంజను చూసుకునే చిన్న తమ్ముడు, గుండీ ఊడిందని నా మిషను దగ్గర నిలబడ్డాడు. "ఒంటి మీదుండగా కుట్టకే అక్కా, పొడుస్తావు" అన్నాడు. "నోరు కదపకుండా ఉంటే పొడవను" అన్నాను. వల లాగే పని మా చెల్లెలి భర్తది. మా మరిదికి ఈత అంతంత మాత్రం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అప్పుడు తమ కార్యాలయం జీపు వచ్చింది. గుమాస్తా సీలు వేసిన పెట్టె ఒకటి దింపించి, రసీదు మీద ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం చెయ్యాలన్నాడు. పెద్దదాన్ని నేనే. చదివాను. రెండో వరుసలో "తేలిక చొక్కాలు – 3" అని ఉంది. బట్టలు కుట్టేదాన్ని గనక అక్కడ ఆగాను.

"ఇదేమిటి నాయనా, సముద్రం మీదికి తేలిక చొక్కా ఎందుకు?"

"అది ఆఫీసు భాష అక్కా. లైఫ్ జాకెట్ అని అర్థం. సంతకం పెట్టండి, ఇంకా పదిళ్ళు తిరగాలి."

పెట్టాను. ఇక మనవి చేసుకొనునవి.

1. బుధవారం సాయంత్రం, ఒడ్డు కనబడనంత దూరంలో, తెగి కొట్టుకొచ్చిన వల ఒకటి నీళ్ళలో తిరిగే పంకాకు చుట్టుకొని మా ఇంజను ఆగినది. ఆపద వచ్చినప్పుడు మాత్రమే సీలు విప్పవలెనన్న నిబంధన ప్రకారం, వచ్చినదే ఆపద అని ముగ్గురూ అనుకొని విప్పినారు. లోపల తెల్లటి నూలు చొక్కాలు మూడు ఉన్నవి. పొట్టి చేతులు, ఎడమ వైపు జేబు. కుట్టు శుభ్రంగా ఉంది, ఇస్త్రీ కూడా బాగుంది. ఆ విషయంలో వంక పెట్టను.

పెద్దవాడు చుక్కాని వదలలేడు. చిన్నవాడి అరచెయ్యి తాడు కోసి ఉంది. "చొక్కా ఉందిగా, నేను దిగి వల కోస్తా" అన్నాడట మా మరిది.

"పల్చగా ఉందేమిటి బావా?" అన్నాడట చిన్నవాడు.

"కొత్త రకమేమోరా. తడిస్తే ఉబ్బుతుందేమో."

నడుముకు తాడు కట్టుకొని, గుండీలన్నీ మెడ దాకా పెట్టుకొని దిగినాడు. చొక్కా ఉబ్బలేదు, వల తెగలేదు. రెండుసార్లు మునిగినాడు. లాగుతుంటే చంక దగ్గర చిరిగినది. ఇంటికి వచ్చి పద్దెనిమిది రోజులు. చెంబుతో నీళ్ళు పోసుకోవడానికి కూడా కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాడు.

2. జాబితాలో "మంచినీళ్ళ డబ్బా – 1" అని ఉన్నది. డబ్బా ఉన్నది, నీళ్ళు లేవు. డబ్బా అని రాసినచోట డబ్బాయే ఇస్తారని తర్వాత తెలిసింది. అయితే అది మూత బిగించిన ఖాళీ డబ్బా కావడం వల్ల, తమ్ముళ్ళు విసరగా, పైకి లాగేదాకా మా మరిది దాన్నే వాటేసుకొని తేలినాడు. నిండా నీళ్ళుంటే ఏమయ్యేదో. కనుక ఈ వస్తువు మీద మాకు ఫిర్యాదు లేదు. మర్నాడు వాన పడినప్పుడు రెండో చొక్కా పరిచి, తడిపి, పిండుకొని తాగినారు. పల్చటి గుడ్డ గనక తొందరగానే తడిసినది.

3. ఈల మోగుతున్నది. వినేవాళ్ళు లేరు. అది కార్యాలయం తప్పు కాదు.

4. శనివారం ఉదయం మూడో చొక్కాను గెడకు కట్టి ఊపగా, వేరే రేవు పడవవాళ్ళు చూసి లాక్కొచ్చినారు. తెల్లగుడ్డ చూసి "ఎవరికి లొంగిపోయారయ్యా?" అని అడిగినారట. ముగ్గురూ ముందు మంచినీళ్ళు అడిగినారు.

5. పోయిన సోమవారం తమ కార్యాలయం నుండి తాఖీదు అందినది. అందులో రెండు సంగతులు. ఒకటి, చొక్కా ఎందుకు చిరిగినదో రాతపూర్వకంగా తెలుపవలెను. రెండు, పెట్టె సాయంతో ముగ్గురి ప్రాణాలు దక్కినవి గనుక జాబితా సంతృప్తికరమని తేలినది, దానినే యథాతథంగా కొనసాగించెదరు.

"తేలినది" అన్న మాట తమ తాఖీదులోనిదే. నేను చేర్చలేదు.

తాఖీదు పట్టుకొని నిన్న ఉదయం కార్యాలయానికి వచ్చాను. తమరు మీటింగులో ఉన్నారు. ఆ గుమాస్తాయే కుర్చీ వేసి, పాత కాగితాలన్నీ తీసి చూపించాడు. మర్యాదస్తుడు. మొదటి జాబితాలో "లైఫ్ జాకెట్" అని ఉంది. అన్నీ మన భాషలోనే రాయాలన్న ఉత్తర్వు వచ్చాక "తేలే చొక్కా" అయింది. ఆ తర్వాత సాపు రాసిన పెద్దాయన, ఇప్పుడు రిటైరయ్యారట, "తేలే" అన్నది రాతతప్పు అనుకొని "తేలిక" అని దిద్దారు. స్టోరువాళ్ళు రాసిందే ఇచ్చారు.

"తేలే అని రాసుంటే తేలేవే ఇచ్చేవాళ్ళక్కా. తేలిక అని ఉంది. తేలిగ్గా లేవంటారా? కావాలంటే తూచి చూపిస్తా."

"తేలిగ్గానే ఉన్నాయి నాయనా. మునగడానికీ తేలికే."

అతను కాగితాలు మళ్ళీ కట్ట కట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మీ ఒక్క పెట్టెలోనే అలా వచ్చిందేమో. మిగతావి బాగానే ఉంటాయి."

"విప్పి చూద్దాం పద."

"ఆపద లేకుండా సీలు విప్పితే పడవ పర్మిట్ రద్దక్కా."

అయ్యా, గాలుల వల్ల మూసిన రేవు ఇంకో పది రోజుల్లో తెరుస్తారు. మా పడవ కాక ఇంకా నలభై పడవలు ఉన్నాయి. నలభై పెట్టెలు, నూట ఇరవై చొక్కాలు. వాటిలో ఏముందో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు మునగాలి. పడవలవాళ్ళందరికీ మా సంగతి తెలుసు. పర్మిట్‌కు భయపడి సీలు మీద చెయ్యి వెయ్యడం లేదు.

గురువారం రావలసిన పడవ రాని ఆ రెండు రోజులూ ప్రార్థనలో కూర్చుంటే నాకు వేరే మాట రాలేదు. "తేలిక" అన్న ఆ మాట నేను చదివాను. తప్పని తెలిసింది. సంతకం పెట్టాను. తమ కార్యాలయం తప్పు ఒక్క మాట. నాది కూడా అంతే. అందుకే కోపంగా రాయడం చేతకావడం లేదు. రోజూ తమ కోసం కూడా ప్రార్థిస్తున్నాను. పేరు తెలియదు గనక హోదా చెప్పుకుంటున్నాను.

కోరుకునేది ఒకటే. రేవు తెరవకముందే పెట్టెలన్నీ విప్పించి, ఆ మాట దిద్దించి, తేలేవి ఇప్పించవలెను.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో అందరం కూర్చున్నాము. చెల్లెలు చిరిగిన చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వాళ్ళు దిద్దేలోగా మనం కుట్టేద్దాం అక్కా" అంది. లోపల ఇంకో పొర వేసి, గళ్ళు గళ్ళుగా కుట్టి, గడి గడికీ వలకు కట్టే బెండ్లు దూర్చాము. ఎవరు తొడుక్కుని చూడాలి అన్న మాట రాకముందే మా మరిది లేచాడు. వెలుతురు ఉండగానే రేవు మెట్ల దగ్గరికి వెళ్ళాము. తమ్ముళ్ళిద్దరూ తాడు పట్టుకున్నారు. చెల్లెలు వాళ్ళ వెనక తాడు కొస పట్టుకుంది. మరిది మెడ లోతుకు దిగి, కళ్ళు మూసుకొని, రెండు కాళ్ళూ ఎత్తేశాడు.

"తేలుతున్నా వదినా" అన్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "తేలిక మాత్రం కాదు. మెడ దగ్గర ఒరుసుకుంటోంది, కాస్త వదులు చెయ్యి" అన్నాడు.

చిన్న తమ్ముడు నవ్వాడు. పదిహేడు రోజుల తర్వాత ఇంట్లో అదే మొదటి నవ్వు.

అక్కడే, మెట్ల మీదనే నిర్ణయమైంది. తొమ్మిదో రోజు దాకా తమ జవాబు కోసం చూస్తాము. ఈలోగా బెండ్లు కూర్చిన లోపలి పొరలు కుట్టి పెట్టుకుంటాము. రోజుకు పద్నాలుగు చొప్పున నేను, చెల్లెలు కుట్టగలము. జవాబు రాకపోతే నలభై పెట్టెల సీళ్ళూ నేను విప్పుతాను, ఆ పొరలను లోపలి చొక్కాలకు ఇద్దరం అతికిస్తాము. పడవలవాళ్ళను ఏమీ అనవద్దు. విప్పానని కాగితం రాసి సంతకం పెట్టేది కూడా నేనే. ఈసారి చదివి, ఆగి, పెడతాను.

ఇంతవరకు ఓపికగా చిత్తగించవలెనని కోరుచు,

తమ విధేయురాలు,
సరంగు అక్క

తా.క.: రేవు తెరిచే రోజున తమరు లాంచీలో సముద్రం మీదికి వస్తారని గుమాస్తా చెప్పాడు. లాంచీలో ఉన్న పెట్టె కూడా ఇదే జాబితాదట. తమరికీ ఒకటి కుట్టాలని ఇంట్లో అందరూ అన్నారు. ఛాతీ కొలత తెలియజేయగలరు. మెడ దగ్గర వదులుగానే పెడతాను.