మీరు పిలిచిన భోజనం

ఏమండీ,

ఈసారి కూడా నాకు చెప్పకుండానే మనుషుల్ని భోజనానికి పిలిచారు.

మీ కంప్యూటర్ మొరాయిస్తుంటే మన మనవరాలు స్వాతి పాత సిస్టమంతా తీసేసి కొత్తగా వేసింది. మీరు పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న మెయిళ్ళను మళ్ళీ ఎక్కించింది. వాటిలో ఒకటి, మీరు నెట్ లేని రోజున పంపబోతే కదలక అలాగే ఉండిపోయిందట. ఇప్పుడు ఎక్కించగానే తనంతట తానే బయల్దేరింది.

"నానమ్మా, తాతయ్య కా మెయిల్ అభీ చలా గయా," అంది స్వాతి బిక్కమొహంతో. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కదా, కంగారులో హిందీయే వస్తుంది; మీ మెయిల్ ఇప్పుడే వెళ్ళిపోయిందట.

"ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. మా ఆవిడ చేపల పులుసు పెడుతుంది" అని రాశారు. మీతో రైల్వేలో పనిచేసిన నలుగురికీ అందింది. వాళ్ళలో అప్పలరాజు గారు ఊరి అవతల కద్మా నుంచి ఫోన్ చేశారు. అది కంప్యూటర్ చేసిన పొరపాటని వివరంగా చెప్పాను.

"పొరపాటో ఏటో నాకు తెల్దు వదినా. అన్నయ్య పిలిచేడు, నేను వత్తన్నా."

మీరు పోయాక ఆ పులుసు పెట్టలేదు. చెయ్యి మరిచిపోయిందేమోనని భయపడ్డాను. మరిచిపోలేదు. నలుగురూ వచ్చి గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు. మీ కోతలన్నీ తలుచుకుని ఎంత నవ్వారంటే, నేనూ కసరడం మానేసి నవ్వాను.

వాళ్ళు వెళ్ళాక మీ మెయిళ్ళలో వెతికాను. పంపకుండా మిగిలినవి ఇంకేమీ లేవు. అందుకని వచ్చే ఆదివారానికి నేనే పిలిచాను, మీ మెయిల్ అడ్రసు నుంచే.

మీలా కాదు, నేను ముందే చెబుతున్నాను.