దోలేర్ అంటే నొప్పి

గంగామణక్కా, నేను బాగానే ఉన్నాను, దిగులుపడకు. ఫోన్‌లో చెబితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

ఈ అరబ్బు దేశంలో, ఐన్ ఖాలిద్‌లో నేను చూసుకునే ముసలావిడకు స్పానిష్ తప్ప వేరే మాట రాదు. ఆమె కూతురు, మా మేడం, డ్యూటీకి పోతే పొద్దంతా మేమిద్దరమే. ఏమీ తోచక నాకు తన భాష నేర్పుతోంది. నిద్రపోవడాన్ని 'దోర్మీర్' అంటారట, కానీ 'నేను నిద్రపోతాను' అనాలంటే 'దుయెర్మో' అనాలి. లోపలి 'ఓ' కాస్తా 'ఉయె' అయిపోతుంది. 'మేము' అన్నప్పుడు మాత్రం మారదు.

సోమవారం ఆమె గోడ వైపు తిరిగి పడుకుని "దుయెలే" అని గొణిగింది. మేడం కొనిచ్చిన డిక్షనరీలో ఆ మాట లేదు. దోర్మీర్ గుర్తొచ్చి, 'దుయె'ను 'దో' చేసి వెతికితే 'దోలేర్' దొరికింది, నొప్పిపెట్టడం అని. ఎక్కడని సైగ చేస్తే నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. వెంటనే కూతురికి ఫోన్ చేసి, "మేడం, కమ్ జల్దీ, మమ్మా చెస్ట్ పెయిన్" అన్నాను. అంబులెన్స్ వచ్చింది. ఇంకో గంటైతే దక్కేది కాదన్నారట డాక్టర్లు.

మేడం కూడా ఆసుపత్రిలోనే ఉంటోంది. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. నిన్న ఆసుపత్రికి చూడబోతే ముసలావిడ నా కళ్ళు చూసి, "దుయెర్మెస్?" అంది, రాత్రిళ్ళు నిద్రపోతున్నావా అని. వచ్చిన రెండేళ్ళలో ఇక్కడ నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

బావ నడుమునొప్పి తగ్గిందా? బావకు నా దండాలు. నా బిడ్డ స్పందన నేనెప్పుడు ఫోన్ చేసినా "మంచిగున్ననే అమ్మా" అని పెట్టేస్తుంది. పక్కన కూర్చుని నువ్వు మెల్లగా అడుగు, రాత్రిళ్ళు నిద్రపోతోందా అని. దాని తల నిమిరి, అమ్మ నిమరమందని చెప్పు.

నీ చెల్లె పుష్ప